1,900 ఐటాలు, టాలీ లెక్కకీ అరల్లో సరుక్కీ పొంతన లేదు: ఏ-బి-సి ఎలా విడగొట్టాలి?

రాయగడ_పంపుసెట్లు:

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని రాయగడలో పంపుసెట్లు, మోటారు స్పేర్లు, వైరింగు సామాను, కొద్దిగా హార్డ్‌వేరు అమ్మే షాపు. లెక్కలు రాసుకునే టాలీ ప్రైమ్ సాఫ్ట్‌వేరులో 1,900 దాకా ఐటాలున్నాయి. సరుకు చాలావరకు విశాఖ, విజయనగరం నుంచి ట్రాన్స్‌పోర్టు లారీల్లో వస్తుంది, కొంత బరంపురం నుంచి. ఏటా మార్చి ఆఖర్న షట్టరు దించి అంతా లెక్కపెట్టి టాలీలో సరిచేస్తాం. వానలు మొదలయ్యేసరికి మళ్లీ మొదటికే వస్తుంది. స్క్రీను మీద 6204 నంబరు బేరింగులు 14 ఉంటాయి, అరలో రెండు. ఇంకో ఐటం స్క్రీను మీద మైనస్ 6 చూపిస్తుంది, డబ్బా చూస్తే నిండుగా ఉంటుంది.

సరుకుని ఏ, బి, సి అని విడగొట్టి, 'ఏ' తరగతిని తరచుగా లెక్కపెట్టుకుంటే సరిపోతుందని ఆడిటరు గారు అన్నారు. అక్కడే అనుమానాలు. ఏ అంటే ఖరీదైన వస్తువేనా? పంపు ఖరీదైనదే గాని అది ఎన్నడూ తప్పదు, కళ్లెదుటే ఉంటుంది. తప్పేవన్నీ చిన్న సామాన్లే. ఎన్ని ఐటాలు ఏ లో వెయ్యాలి, ఎన్నాళ్లకోసారి లెక్కపెట్టాలి, ఎంత తేడా వరకు వదిలెయ్యొచ్చు? తేడా వస్తే సరిచెయ్యడానికి టాలీలో ఎలాంటి వోచరు వెయ్యాలి? షాపులో కౌంటరు మీద ఇద్దరం, గోదాములో ఒక కుర్రాడు. అంతే మనుషులం.

కొరాపుట్_స్టోర్సు:

ఖరీదు చూసి తరగతులు వెయ్యకండి. చూడాల్సింది ఏడాదిలో ఆ ఐటం మీద తిరిగిన డబ్బు. అంటే ఏడాదికి పోయిన సంఖ్యని కొన్న ధరతో గుణించాలి. అమ్మిన ధరతో కాదు, ఒక్కో సరుకు మీద లాభం ఒక్కోలా ఉంటుంది కనక వరస మారిపోతుంది. ప్రస్తుతం చేతిలో ఉన్న నిల్వ విలువతో అసలే వెయ్యొద్దు. అలా వేస్తే నాలుగేళ్లుగా కదలని మోటారు ఏ లో కూర్చుంటుంది, రోజూ పోతూ ఎప్పుడూ అడుగంటి ఉండే బేరింగు సి లోకి జారుతుంది.

పది ఐటాలతో చేసి చూపిస్తాను. ధరలూ సంఖ్యలూ లెక్క కోసం వేసుకున్నవే, మీవి వేరుగా ఉంటాయి.

5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ పంపు: 24,000 × 20 = 4,80,000
రాగి వైండింగ్ తీగ: కిలో 950 × 400 కిలోలు = 3,80,000
1.5 చదరపు మి.మీ. హౌస్ వైరు, 90 మీటర్ల కాయిలు: 1,800 × 150 = 2,70,000
6205 బేరింగు: 140 × 900 = 1,26,000
బి-52 బెల్టు: 160 × 350 = 56,000
వాటర్ సీలు: 90 × 300 = 27,000
8 మి.మీ. బోల్టులు: కిలో 110 × 120 కిలోలు = 13,200
పాత మోడల్ ఇంపెల్లరు: 850 × 4 = 3,400
ఫైబరు వాషరు: 2 × 1,500 = 3,000
డీజిల్ ఇంజను క్రాంక్ గేరు: 2,600 × 1 = 2,600

మొత్తం 13,61,200. ఇప్పుడు పైనుంచి కూడుకుంటూ రండి. పంపు ఒక్కటే 35.3 శాతం. వైండింగ్ తీగ కలిపితే 63.2. వైరు కాయిలు కలిపితే 83. 80 శాతం గీత దాటించిన ఐటంతో సహా ఈ మూడూ ఏ. తర్వాత బేరింగుతో 92.3, బెల్టుతో 96.4. ఈ రెండూ బి. మిగతా అయిదూ కలిపినా నాలుగు శాతం లేవు, అవి సి. 140 రూపాయల బేరింగు నాలుగో చోట ఉంది, 2,600 రూపాయల గేరు అట్టడుగున ఉంది. మీ మొదటి ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది.

1,900 ఐటాలకీ ఇదే పని. టాలీలో స్టాక్ సమ్మరీ తెరిచి, ఎఫ్12లో ఇన్‌వర్డ్ (వచ్చినది), అవుట్‌వర్డ్ (పోయినది) కాలమ్‌లు ఆన్ చేసి, పన్నెండు నెలల కాలం పెట్టి ఎక్సెల్‌లోకి దించండి. అవుట్‌వర్డ్ సంఖ్య పక్కన చివరిగా కొన్న ధర, రెండూ గుణించి ఒక కాలమ్, పెద్దదాని నుంచి చిన్నదానికి వరస, పక్కన కూడిక శాతం. దించిన వెంటనే ఒక పని మరవకండి: అవుట్‌వర్డ్‌లో కొన్నవాళ్లకే తిరిగి పంపిన సరుకు కూడా కలిసి ఉంటుంది, అది తీసెయ్యాలి. వారంటీలో వెనక్కి పోయిన పంపులు కలిస్తే అమ్ముడు ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది.

గీతలు ఎక్కడ గీయాలన్నదానికి శాసనం ఏదీ లేదు. 1951లో జనరల్ ఎలక్ట్రిక్‌కి చెందిన ఫోర్డ్ డికీ ఈ పద్ధతి గురించి రాశారు. చాలామంది వాడే కొలత ఒకటుంది. విలువలో 70 నుంచి 80 శాతం ఏ, తర్వాతి 15 శాతం బి, మిగిలింది సి. ఐటాల సంఖ్యలో చూస్తే ఏ మామూలుగా పదో ఇరవయ్యో శాతం ఉంటుంది, సి సగానికి పైనే. మీ వరసలో విలువ ఒక్కసారిగా పడిపోయే చోటు ఏదైనా కనిపిస్తే గీత అక్కడ గీయండి. 79 అయినా 82 అయినా కొంప మునగదు.

గీత గీసేశాక చేత్తో కొన్ని మార్చాలి. ఈ పని చాలామంది చెయ్యరు, తర్వాత పద్ధతి పనిచెయ్యలేదంటారు. లెక్క పుస్తకం నిలబడాలంటే విలువ ఒక్కటే చాలదు, తప్పే రకం ఐటాలేవో కూడా చూడాలి.

మొదటిది, జేబులో పట్టేవి, బయట తేలిగ్గా అమ్ముడయ్యేవి. కెపాసిటర్లు, ఎంసీబీలు (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చులు), వైరు కొసకి బిగించే రాగి లగ్గులు. విలువ ప్రకారం సి లో పడినా బి కి ఎక్కించండి.

రెండోది, కొనేది ఒక కొలతలో, అమ్మేది ఇంకో కొలతలో అయిన సరుకు. జీఐ పైపు కిలోల్లో కొని అడుగుల్లో అమ్ముతారు. వైరు కాయిల్లో కొని మీటర్లలో కోస్తారు. వందేసి బోల్టుల డబ్బా కొని విడిగా ఇస్తారు. టాలీలో ప్రత్యామ్నాయ కొలత పెట్టకపోతే ఒక డబ్బా అని ఎక్కినది వంద బోల్టులుగా పోయి మైనస్ 99 చూపిస్తుంది.

మూడోది, పోలికలో మోసం చేసేవి. 6204 లోపలి బోరు 20 మి.మీ., 6205 ది 25. డబ్బాలు మాత్రం ఒకేలా ఉంటాయి. ఒకే నంబరులో ఇనుప మూత ఉన్న జెడ్‌జెడ్, రబ్బరు మూత ఉన్న 2ఆర్ఎస్ వేరు వేరు ఐటాలు. లెక్కపెట్టేవాడు డబ్బా మీది అట్ట చూడకూడదు, బేరింగు రింగు మీద చెక్కిన నంబరు చూడాలి. వెనక్కి తెచ్చిన బేరింగుని చేతికందిన డబ్బాలో పెట్టెయ్యడం ప్రతి షాపులో ఉన్నదే.

నాలుగోది, విలువ తక్కువే అయినా షాపులో లేకపోతే పని ఆగిపోయేవి. పై పట్టికలో పాత మోడల్ ఇంపెల్లరు అలాంటిది. దాన్ని ఏ చెయ్యనక్కర్లేదు గాని, లెక్కకి నెల మీరే నిర్ణయించండి. పంపు సామాన్లకి మే నెల. పత్తి మందు కొట్టే స్ప్రేయర్ల వాషర్లు, నాజిళ్లు, 12 వోల్టుల బ్యాటరీలకి జూన్. గుణుపురం, మునిగుడ వైపు జూలై నుంచి అవే కదా అడిగేది. ఏడాది సగటు మీద సి లో ఉన్న నాజిలు ఆ మూణ్నాలుగు నెలలూ బి లా పోతుంది.

తరగతిని టాలీలో స్టాక్ గ్రూపుగా పెట్టకండి. గ్రూపులు బేరింగులు, బెల్టులు, వైర్లు అని సరుకు రకాన్ని బట్టే ఉండాలి. స్టాక్ కేటగిరీ అని వేరే ఉంది, ఏ, బి, సి అందులో వెయ్యండి. ఆర్నెల్లకో ఏడాదికో మార్చాల్సి వచ్చినప్పుడు గ్రూపులు కదపక్కర్లేదు.

ఇక ఎన్నిసార్లు. మాటవరసకి మీ 1,900 లో 210 ఏ, 430 బి, 1,260 సి వచ్చాయనుకోండి. ఏ నెలకోసారి, బి మూణ్నెల్లకోసారి, సి ఏడాదికోసారి అంటే 2,520 + 1,720 + 1,260, మొత్తం 5,500 లెక్కలు. ఏడాదికి 300 పనిరోజులు వేసుకుంటే రోజుకి 18 పైచిలుకు. పొద్దున్న షట్టరు ఎత్తకముందే అయిపోవాలి. కౌంటరు మొదలయ్యాక లెక్కపెడితే చేతిలో ఉన్నదా, బిల్లులో పోయిందా అన్న సందేహం ఎప్పటికీ తీరదు.

లెక్కపెట్టే కాగితం మీద ఐటం పేరు, అర నంబరు, కొలత మాత్రమే ఉండాలి. టాలీ సంఖ్య రాయకూడదు. 14 అని ముందే కనిపిస్తే 13 ఉన్నా కళ్లు 14 అనే చూస్తాయి.

గుణుపురం_ఇనుపసామాను:

పైన మాస్టారు చెప్పిన వర్గీకరణతో పేచీ లేదు. రోజుకి 18 మాత్రం ఫ్యాక్టరీ స్టోరుకి సరిపోయే మాట. ముగ్గురున్న షాపులో పదిహేను రోజులు నడుస్తుంది, ఆ తర్వాత కుర్రాడు అర దగ్గరికి పోకుండానే అంకెలు నింపుతాడు. అబద్ధపు లెక్క కన్నా అసలు లెక్క లేకపోవడమే నయం, ఎందుకంటే దాన్ని పట్టుకుని మీరు టాలీలో సరిగ్గా ఉన్న అంకెని కూడా మార్చేస్తారు.

ఏ రెండు నెలలకోసారి, బి ఏడాదికి మూడుసార్లు, సి ఒకసారి చెయ్యండి. 1,260 + 1,290 + 1,260 = 3,810. రోజుకి 13. సంత రోజు మానేసినా మర్నాటికి సర్దుకుంటుంది.

దీనికి తోడు తారీకుతో పనిలేని లెక్కలు పెట్టుకోండి, ఇవే ఎక్కువ దొరకబుచ్చుతాయి. అర ఖాళీ అయినప్పుడు లేదా రెండు మూడు మిగిలినప్పుడు లెక్కపెట్టండి, నలభై లెక్కపెట్టే బదులు రెండు లెక్కపెట్టినట్టు. కొత్త సరుకు అరలోకి చేరే ముందు పాతది లెక్కపెట్టండి. స్క్రీను మైనస్ చూపిస్తే ఆ రోజే చూడండి. స్క్రీను మీద ఉంది, అరలో లేదు అని గిరాకీని వెనక్కి పంపిన ఐటం కూడా అదే రోజు. టాలీలో సేల్స్ వోచరు దగ్గర ఎఫ్12లో నెగెటివ్ స్టాక్ హెచ్చరిక ఆన్ చేసుకుంటే మైనస్ పడే క్షణంలోనే తెలుస్తుంది.

మీరు చెప్పిన మైనస్ 6, డబ్బా నిండుగా ఉండటం గురించి. అది దొంగతనం కాదు, ఎక్కువగా రెండు కారణాలు. కొనుగోలు బిల్లు ఇంకా ఎక్కలేదు, లేదా ఒకే సరుకు రెండు పేర్లతో టాలీలో ఉంది. విశాఖ వాళ్ల బిల్లులో ఒక పేరుంటే అదే పేరుతో కొనుగోలు ఎక్కిస్తారు, కౌంటరు మీద మనం పిలిచే పేరుతో అమ్ముతారు. మీ 1,900 లో ఇలాంటి జంటలు తప్పకుండా ఉంటాయి. ఏబీసీ వెయ్యకముందే వాటిని వెతికి కలపండి, లేకపోతే ఒకే బెల్టు సగం బి లో, సగం సి లో పడుతుంది. వెతకడం తేలికే: ఏడాదిలో కొనుగోలు ఉండి అమ్మకం అసలు లేనివి ఒక పట్టిక, అమ్మకం ఉండి కొనుగోలు లేనివి ఒక పట్టిక తీసి పక్కపక్కన పెట్టండి.

ఇంకోటి. మొదటి నెల 1,900 జోలికే పోవద్దు. అన్ని రకాలూ కలిసేలా ఒక 40 ఐటాలు తీసుకుని వాటినే రెండు మూడు రోజులకోసారి లెక్కపెట్టండి. రెండు లెక్కల మధ్య బిల్లులు కొద్దిగానే ఉంటాయి కనక తేడా ఏ బిల్లులో పుట్టిందో వేలు పెట్టి చూపించొచ్చు. మార్చి నుంచి మార్చికి లెక్కపెడితే తేడా ఎంతో తెలుస్తుంది, ఎందుకో ఎవరికీ తెలీదు. ఆ 40 లో వరసగా తేడా రాకుండా ఉన్నప్పుడు అప్పుడు రోజుకి 13 మొదలెట్టండి.

బరంపురం_చిట్టా:

వోచర్ల సంగతి, పన్ను సంగతి నేను చెబుతాను.

టాలీ ప్రైమ్‌లో కంట్రోల్ ఎఫ్7 ఫిజికల్ స్టాక్ వోచరు. అందులో మీరు లెక్కపెట్టిన సంఖ్య వేస్తే ఆ తారీకున నిల్వ అదే అని టాలీ తీసుకుంటుంది. పని తేలికే గాని తేడా ఎంత, ఎందుకు వచ్చింది అన్నది మీ ముందు నిలవదు. పైగా ఆ తారీకుకి ముందు తేదీతో మర్నాడు ఎవరైనా పాత బిల్లు ఎక్కిస్తే తేడా కొత్తగా పుడుతుంది, లేదా ఉన్నది మాయమవుతుంది. నా సలహా ఆల్ట్ ఎఫ్7 స్టాక్ జర్నల్. లోటు ఒకపక్క, మిగులు ఒకపక్క పడతాయి, కింద నేరేషన్‌లో (వివరం రాసే చోట) కారణం రాయొచ్చు. కారణాలకి పొట్టి మాటలు ఖాయం చేసుకోండి: బిల్లు మారింది, కొలత తప్పు, పగిలింది, బిల్లు ఎక్కలేదు, తెలియదు. ఆరు నెలలకి వెతికి తీస్తే ఏది ఎక్కువో తెలిసిపోతుంది. "తెలియదు" అన్నదే ఎక్కువుంటే లెక్కలు మరీ ఎడంగా జరుగుతున్నాయన్నమాట.

6204 లో పది లోటు, 6205 లో పది మిగులు వస్తే అవి రెండు తేడాలు కావు, ఒక్కటే. ఒకే స్టాక్ జర్నల్‌లో అటు ఇటు వెయ్యండి. విడివిడిగా రాస్తే ఒకటి నష్టంగా కనిపించి అనవసరంగా పన్ను లెక్కలోకి పోతుంది.

అదెలాగంటే, సరుకు పోయినా, దొంగలు పట్టుకుపోయినా, పాడైనా, పుస్తకంలో కొట్టేసినా, ఉచితంగా ఇచ్చినా కొన్నప్పుడు దాని మీద కట్టిన పన్నుకి మీరు తీసుకున్న జీఎస్టీ క్రెడిట్ నిలవదు. సీజీఎస్టీ చట్టం 17(5)(హెచ్) అది. నిజంగా కొట్టేసిన లోటుకి కొన్నప్పటి పన్ను లెక్కగట్టి జీఎస్టీఆర్-3బి రిటర్నులో 4(బి)(1) గడిలో వెనక్కి ఇవ్వాలి. విశాఖ సరుకైతే వేరే రాష్ట్రం కనక అది ఐజీఎస్టీ, బరంపురం సరుకైతే మన రాష్ట్రమే కనక సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ, ఆ ప్రకారమే వెనక్కి. జీఎస్టీ నిబంధన 56 ప్రకారం కూడా ప్రారంభ నిల్వ, వచ్చింది, పోయింది, పోగొట్టుకున్నది, కొట్టేసినది, మిగిలింది వేరువేరుగా చూపే స్టాకు పుస్తకం ఉండాలి. కాంపొజిషన్‌లో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద ఇంత శాతమని పన్ను కట్టే పద్ధతిలో) ఉన్నవాళ్లకి ఆ స్టాకు పుస్తకం షరతు లేదు, మీరు రెగ్యులర్ అనుకుంటున్నాను.

ఇలా లెక్కలు మొదలెట్టాక మార్చి ఆఖరు లెక్క మానేద్దామని అనిపించొచ్చు, ఇప్పుడే వద్దు. ముగింపు నిల్వకి విలువ కట్టాలి, కొన్న ధర, అమ్మితే వచ్చే నికర ధర రెంటిలో ఏది తక్కువైతే అది. అక్కడ పాత మోడల్ సరుకుని చూడకుండా కుదరదు. ఏడాది పొడుగునా లెక్కలు నిలకడగా కలుస్తుంటే వచ్చే ఏడు 'ఏ' తరగతి మొత్తం, మిగతాది కొంత చూసి ఊరుకోవచ్చేమో మీ ఆడిటరు గారిని అడగండి.

ఇంకో ముఖ్యమైన మాట, తేడాల మొత్తం చూసి మురిసిపోకండి. వైండింగ్ తీగ 12 కిలోలు లోటు అంటే 11,400. బేరింగులు 80 మిగులు అంటే 11,200. టాలీ మొత్తం 200 రూపాయల తేడా చూపిస్తుంది, లెక్క బ్రహ్మాండంగా ఉన్నట్టు అనిపిస్తుంది. నిజానికి 22,600 విలువకి పుస్తకం తప్పు. అందుకే లెక్క ఎంతవరకు కలిసిందన్న శాతం ఐటాల సంఖ్య మీద కట్టాలి. 50 ఐటాలు లెక్కపెడితే 46 హద్దులో, అంటే వదిలెయ్యదగ్గ తేడాలోపు, ఉంటే 92 శాతం. ఏ, బి, సి లకి వేరువేరుగా కట్టండి, కలిపి కడితే సి సంఖ్యాబలం మిగతావాటి తప్పులన్నీ కప్పేస్తుంది.

రాయగడ_పంపుసెట్లు:

చాలా కృతజ్ఞతలు. జంట పేర్లు వెతికితే మొదటి పట్టికలోనే వాటర్ సీలు మూడు పేర్లతో దొరికింది! రెగ్యులర్‌లోనే ఉన్నామండీ.

ఇంకో మూడు విషయాలు. ఎంత తేడా వరకు వదిలెయ్యొచ్చన్నది ఎవరూ చెప్పలేదు. రెండు, వైండింగ్ తీగ ఎప్పుడు తూచినా పుస్తకంతో కలవదు. మూడు, మెకానిక్కులు. ఏ సైజు పడుతుందో తెలీక మూడు సైజులు పట్టుకుపోతారు, ఒకటి బిగించి రెండు తెస్తారు. ఒక్కోసారి వారం తర్వాత తెస్తారు. వాళ్లని కాదనలేం, గిరాకీ అంతా వాళ్ల చేతుల్లోనే ఉంది. ఇది లెక్కలో ఎలా చూపించాలి?

కొరాపుట్_స్టోర్సు:

రోజుకి 13 అన్న గుణుపురం వారి లెక్కే మీకు సరి. నాది మనుషులున్న చోటికి చెప్పిన మాట.

తేడా హద్దు: పుస్తకాల్లో ఏ కి 0.2 శాతం, బి కి 1, సి కి 5 అని ఉంటుంది. దాన్ని అలాగే గోడకి అంటించకండి. పంపులు, మోటార్లు, బేరింగుల్లాంటివి చేత్తో లెక్కపెట్టేవి, ఏ అయినా బి అయినా వాటికి హద్దు సున్నా. ఒక పంపు తగ్గితే తగ్గినట్టే. హద్దు కావాల్సింది తూచే, కొలిచే సరుక్కే. తీగ 40 కిలోలుంటే 0.2 శాతం అంటే 80 గ్రాములు. పది గ్రాముల మెట్టు ఉన్న కాటా మీద పదిహేను రీళ్లు తూస్తేనే అంత పోతుంది. దానికి 0.5 శాతం పెట్టుకోండి. బోల్టులు, మేకులు, వాషర్లకి 5 శాతం చాలు. వంద బోల్టులు లెక్కపెట్టి తూచి, ఆ బరువుతో డబ్బాలో సరుకు మొత్తం బరువుని భాగిస్తే ఎన్ని వందలో తెలుస్తుంది, ఒక్కొక్కటి ఏరుతూ కూర్చోవద్దు. హద్దులోపల ఉన్న తేడాకి కారణం వెతకనక్కర్లేదు గాని తేడా ఎప్పుడూ ఒకే వైపు, లోటు వైపే వస్తుంటే హద్దులో ఉన్నా వెతకాలి.

తీగ కలవకపోవడానికి మూడు చోట్ల చూడండి. ఒకటి, ఖాళీ రీలు బరువు. లేబులు మీద మొత్తం బరువు, రీలు బరువు, నికర బరువు ఉంటాయి. కొనుగోలు నికరంలో ఎక్కి, లెక్క రోజున రీలుతో సహా తూస్తే మిగులు వస్తుంది. విప్పిన రీలుకి లేబులు ఊడిపోతుంది కాబట్టి రాగానే రీలు బరువుని మార్కరుతో రీలు మీదే రాసేయండి. రెండు, గేజు, అంటే తీగ మందం నంబరు. 22 నంబరు తీగకి బదులు 23 నంబరు బిల్లు కొడతారు, ధర దాదాపు ఒకటే కనక గిరాకీ అడగడు. ఒక గేజులో లోటు, పక్క గేజులో అంతే మిగులు కనిపిస్తే అదే. మైక్రోమీటరు కౌంటరు మీద ఉండాలి, గోదాములో కాదు. మూడు, అమ్మేటప్పుడు చేసే దయ. 480 గ్రాములు తూగితే అరకిలో బిల్లు కొట్టడం ఉండదు, 520 తూగితే అరకిలో కొట్టడం ఉంటుంది. రోజుకి అయిదారు సార్లయితే నెలకి కిలోల్లో తేలుతుంది. ఎంత తూగితే అంతే బిల్లు వెయ్యండి, తగ్గించాలనుకుంటే డబ్బుల్లో తగ్గించండి. కాటాకి తూనికల శాఖ వాళ్ల ఏడాది ముద్ర వేయించారో లేదో కూడా చూసుకోండి.

వైరుకి కూడా ఇలాంటిదే. నిండు కాయిళ్లు గోదాములో, కోసిన కాయిలు కౌంటరులో, రెండూ టాలీలో రెండు గోడౌన్లుగా ఉండాలి. కోసిన కాయిలుకి ఒక అట్ట కట్టి, కోసినప్పుడల్లా మిగిలిన మీటర్లు దాని మీద రాయాలి: 90, 74, 61. ఒకే సైజులో ఒకేసారి రెండు కాయిళ్లు విప్పొద్దు. అయిదు మీటర్లకి తక్కువ ముక్క మిగిలితే దాన్ని వైరుగా లెక్కపెట్టకుండా అప్పుడే తుక్కుకి వేసి స్టాక్ జర్నల్ రాయండి. అవి కాయిళ్లలోనే ఉన్నట్టు పుస్తకం చూపిస్తే సంవత్సరాంతానికి లేని వైరు బోలెడు ఉంటుంది.

మెకానిక్కుల సంగతి. కాదనక్కర్లేదు, బిల్లు కూడా కొట్టక్కర్లేదు. టాలీలో "మెకానిక్కుల దగ్గర" అని ఒక గోడౌను తెరవండి. మూడు సైజులు పోతే స్టాక్ జర్నల్‌తో మూడూ అందులోకి మారతాయి. తెచ్చినవి వెనక్కి, బిగించినది బిల్లు. రోజంతా అలా రాయడం కష్టమైతే రెండు కాపీల చీటీ పుస్తకం పెట్టి, సాయంత్రం తిరిగి రాని చీటీలే ఎక్కించండి. చీటీ మీద బేరింగు నంబరు జెడ్‌జెడ్, 2ఆర్ఎస్‌తో సహా ఉండాలి. "మూడు బేరింగులు" అని రాస్తే అది చీటీ కాదు. చీటీలన్నీ ఒకే ఊచకి గుచ్చకుండా మెకానిక్కు పేరు మీద విడివిడిగా కట్టలు పెడితే, అతను మళ్లీ సరుకు కోసం వచ్చినప్పుడు పాత చీటీ అక్కడే కనిపిస్తుంది, అడగడానికి మొహమాటం ఉండదు. వారం దాటిన చీటీకి బిల్లు కొట్టేస్తామని ముందే చెప్పండి. తెచ్చిన బేరింగుని గుడ్డతో తుడిచి, రింగు మీద నంబరు చదివి, ఆ తర్వాతే డబ్బాలో పెట్టాలి. గ్రీజు అంటుకున్నా, సుత్తి దెబ్బ కనిపించినా అమ్మే అరలోకి పోకూడదు.

లెక్క రోజు పొద్దున్న ఆ చీటీలు, డబ్బు కట్టి సరుకు ఇంకా తీసుకుపోనివాళ్ల బిల్లులు, ట్రాన్స్‌పోర్టులో వచ్చి బిల్లు ఎక్కని సరుకు, బిల్లు వచ్చి లారీ ఇంకా రానిది, వారంటీకి పంపాల్సిన పంపులు, ఈ అయిదూ ఒక కాగితం మీద రాసుకున్నాకే అర దగ్గరికి వెళ్లండి. సరుకు వచ్చి బిల్లు తర్వాత ఎక్కేవాటికి ఆల్ట్ ఎఫ్9 రిసీట్ నోటు, బిల్లు తర్వాత కొట్టేవాటికి ఆల్ట్ ఎఫ్8 డెలివరీ నోటు వాడితే ఆ కాగితం సగానికి తగ్గుతుంది.

గుణుపురం_ఇనుపసామాను:

ఒకటి కలుపుతాను. అర్జంటుకి కొత్త పంపు డబ్బా విప్పి అందులోంచి సీలో, ఇంపెల్లరో తీసి ఇచ్చేస్తుంటారు కదా. పుస్తకంలో పంపు నిండుగా ఉంటుంది, సీలు మైనస్ పడుతుంది. మీరు పంపులు ఎన్నడూ తప్పవన్నారు గాని ఇక్కడే తప్పేది. విప్పిన రోజే స్టాక్ జర్నల్‌లో పంపు ఒకటి తగ్గించి, "విప్పిన పంపు" ఒకటి, సీలు ఒకటి రాయండి. 'ఏ' తరగతి లెక్కలో పంపు డబ్బాలు పైనుంచి లెక్కపెట్టి వదలొద్దు. టేపు కోసి మళ్లీ అంటించినట్టు కనిపించినది తెరిచి చూడాలి.

రాయగడ_పంపుసెట్లు:

నలభై ఐటాల పట్టిక రాసుకున్నాను: తీగ ఆరు గేజులు, బేరింగులు పన్నెండు నంబర్లు, వైరు నాలుగు సైజులు, మిగతావి బెల్టులు, సీళ్లు, కెపాసిటర్లు, బోల్టులు. పంపులు కూడా రెండు మోడళ్లు కలిపాను, టేపు సంగతి చదివాక. సోమవారం షట్టరు ఎత్తకముందు మొదటి లెక్క. చీటీ పుస్తకాలు ప్రెస్‌లో వేయించమని చెప్పాను, బేరింగు నంబరుకి ఒక గడి, మూత రకానికి ఇంకో గడి పెట్టించాను.